తొమ్మిది పసుపు చుక్కలు

"ఈత నేర్చుకుంటున్నావా హెల్కా?" గుమ్మంలోంచి ఒట్సో కైలా అడిగాడు.

ఇన్‌స్పెక్టర్ హెల్కా వైనియో జవాబిచ్చే భంగిమలో లేదు. యాభై రెండేళ్ల మనిషి, బూట్లు విప్పి, కోటు మడిచి కిటికీ గట్టు మీద పెట్టి, ఫ్రీజరు గది నేల మీద బోర్లా పడుకుని ఉంది. కుడి చెయ్యి భుజం దాకా ఫ్రీజరుకీ గోడకీ మధ్య సందులో దూరింది. ఎడమ చేతిలో టార్చి. పొట్ట కింద కరిగిన మంచు నీళ్లు.

సోమవారం ఉదయం పదిన్నర. ఏడూ పదికి ఈ తలుపు తీసిన డాక్టర్ వాల్తో హిర్వెలాకి కాలికింద నీళ్లు తగిలాయి. మైనస్ ఎనభైలో ఉండాల్సిన ఫ్రీజరు ప్లస్ ఆరు చూపిస్తోంది. ఇరవై రెండేళ్ల పాటు సరస్సు దీవుల్లో పదకొండు వందల నలభై మంది కడుపుల్లోంచి సేకరించిన క్రిముల నమూనాలు అందులో ఉన్నాయి. అన్నీ కరిగిపోయాయి. వాటిని సేకరించింది పరిశోధన కేంద్రం పెద్ద, అరవై ఎనిమిదేళ్ల డాక్టర్ సాయిమి లెహ్‌తొలా. నాశనం చేసిందన్న అనుమానమూ ఆవిడ మీదే.

ఆ అనుమానం కైలాది. హెల్సింకి నుంచి తొమ్మిది గంటల విమానంలో దిగి, తొమ్మిదింబావుకల్లా కేసు తేల్చేశాడు. పోలీసు కాలేజీలో హెల్కా పక్క బెంచీ. అప్పటి నుంచీ అంతే. ప్రశ్న పూర్తికాక ముందే జవాబు చెప్పేవాడు. సగంసార్లు కరెక్టే కావడంతో ఆ అలవాటు ముదిరిపోయింది.

"లే, జలుబు చేస్తుంది," అన్నాడు. "అందులో చూడ్డానికేముంది? ప్లగ్గు పీకారు. పీకింది ఎవరో తలుపే చెబుతోంది. శనివారం నాలుగూ అయిదుకి ముసలావిడ కార్డుతో లోపలికెళ్లింది. నాలుగూ నలభైకి బయటికొచ్చింది. ఫ్రీజరు మీటరు ప్రకారం కరెంటు పోయింది నాలుగుంబావుకి. ఆ గంటలో ఇంకెవరూ రాలేదు. బుధవారం తనిఖీ సంఘం వస్తోంది. ఆవిడ లెక్కలు దొంగ లెక్కలని వాళ్లకి ఆకాశరామన్న ఉత్తరం వెళ్లింది. ఇంకేం కావాలి నీకు, సంతకమా?"

హెల్కా మెల్లగా లేచి కూర్చుంది. చొక్కా ముందు భాగం పొట్టకి అతుక్కుపోయింది.

"నాలుగుంబావు, ఎన్ని సెకన్లు?"

"ఏంటి?"

"మీటరు సెకన్లు కూడా చూపిస్తుంది. చూశావా?"

కైలా చూడలేదు. ఆమె వేలు పెట్టి చూపించింది. పదహారు, పదిహేను, సున్నా సున్నా.

"చేత్తో పీకితే పదకొండో సెకనుకో నలభయ్యో సెకనుకో ఊడుతుంది. సున్నా సెకనుకి ఊడేది యంత్రం పీకితేనే," అంది హెల్కా. "ఇంకోటి. ప్లగ్గు చుట్టూ గోడ మీద దుమ్ము చూడు. ప్లగ్గు అగ్గిపెట్టెంత. దుమ్ము చెరిగిపోయింది మాత్రం కాఫీ సాసరంత. దానికీ గోడకీ మధ్య ఏదో గుండ్రటిది రెండు మూడు రోజులు కూర్చుంది. చలికాలం మీ ఇంటి ముందు కారు హీటరుకి ఏం తగిలిస్తావు?"

"టైమరు."

"అదే. వారం తిరిగే టైమరు. శుక్రవారం పెట్టి పోతే శనివారం తన పని తాను చేసుకుంటుంది. సోమవారం పొద్దున్నే వచ్చి దాన్ని తీసి జేబులో వేసుకుంటే సరి. ఆవిడ ప్రతి శనివారం నాలుగింటికి ఈ గదికి వస్తుందని కేంద్రంలో గచ్చు కడిగే మనిషికి కూడా తెలుసు. పైగా డాక్టరుగారికి జనవరిలో తుంటి మార్చారు, కర్ర పట్టుకుని నడుస్తోంది. నేను పడుకున్నట్టు ఆవిడ పడుకుందంటే మళ్లీ లేవడానికి అంబులెన్సు పిలవాలి."

"దుమ్ము," అన్నాడు కైలా. "కోర్టులో దుమ్ము చూపిస్తావా?" అంటూనే చెయ్యి తెలీకుండా పక్కటెముకల కింద నొక్కుకుని, చిన్నగా త్రేన్చాడు.

*

వాల్తో హిర్వెలా నలభై అయిదేళ్ల వాడు, పొడగరి. సాయిమి తర్వాత ఈ కేంద్రంలో ఆయనే. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టున్నాడు, లేదా నిద్రలేదు.

"శుక్రవారం ఆఖరున గదిలోంచి వచ్చింది మీరే," అంది హెల్కా. "అయిదుంబావుకి."

"అవునండీ. పెట్టెలు సర్ది వచ్చాను. అప్పుడు అంతా బాగానే ఉంది."

"ఇవాళ ముందు వెళ్లిందీ మీరే."

"ఎవరో ఒకరు ముందు వెళ్లాలి కదా."

"ఫ్రీజరు వేడెక్కితే అలారం ఫోను మోగుతుంది. ఈ వారాంతం ఆ ఫోను ఎవరి దగ్గరుంది?"

హిర్వెలా తల దించుకున్నాడు. "నా దగ్గరే. అదే నన్ను తినేస్తోంది. సరస్సు మీద మంచుకి కన్నం పెట్టుకుని చేపలు పడుతున్నాను. అక్కడ సిగ్నలు రాదు. నాలుగుంబావుకి నేను గాలం పట్టుకుని కూర్చున్నాను మేడమ్. ఇక్కడ మా జీవితాలు కరిగిపోతున్నాయి."

హెల్కా కలం ఆగింది.

"నాలుగుంబావుకా?"

"అంటే... కరెంటు పోయిన టైము."

"ఆ టైము మీకెవరు చెప్పారు? మీటరు తెరిచి అరగంట కూడా కాలేదు. చూసింది మేమిద్దరమే."

హిర్వెలా నోరు తెరిచాడు. అతని తరఫున జవాబు కిటికీ దగ్గర నుంచి వచ్చింది.

"నేనే అనుంటాను," అన్నాడు కైలా.

"అన్నావా, అనుంటావా?"

"కారిడార్లో కాఫీ దగ్గర మాట్లాడుకున్నాం. అనే ఉంటాను. మీరు వెళ్లండి డాక్టర్, ఇంటికెళ్లి పడుకోండి. ఏదైనా ఉంటే పిలుస్తాం."

హిర్వెలా కుర్చీలోంచి లేచిన వేగం పడుకోబోయే మనిషిది కాదు. తలుపు మూసుకోగానే హెల్కా కైలా మీదికి తిరిగింది.

"గుర్తులేని మాటకి సాక్ష్యం చెప్పి నా చేపని నీళ్లలోకి వదిలేశావు."

"నీ చేప కాదు, నా కేసు. హెల్సింకి ఉత్తర్వు కాగితం నా జేబులో ఉంది. నువ్వు ఇక్కడ సాయానికి. కోపం తెచ్చుకోకు, ఆ ముసలావిడంటే నీకు భక్తి. పొద్దున ఆవిడ చేతిసంచీ నువ్వే మోశావు, నేను చూశాను."

అది నిజమే. హెల్కా పుట్టింది ఆ దీవుల్లోనే. చలికాలం స్లెడ్జి బండి మీద తూకం యంత్రాన్ని కట్టుకుని, గడ్డకట్టిన సరస్సు దాటి ఇంటింటికీ వచ్చే డాక్టరమ్మని ఆ దీవుల్లో ఎరగనివాళ్లు లేరు. తన తల్లి ఆ తూకం మీద ఇరవైసార్లు నిలబడింది. నంబరు చూసి సాయిమి ఎన్నడూ ముఖం చిట్లించలేదట. మెచ్చుకోనూ లేదట. రాసుకుని, కాఫీ తాగి, వెళ్లిపోయేదట.

హెల్కా కారిడార్లోకి వెళ్లి కానిస్టేబుల్‌తో రెండు మాటలు చెప్పింది. హిర్వెలా ఇంటికే వెళ్తున్నాడో ఇంకెక్కడికైనా వెళ్తున్నాడో వెనకే వెళ్లి చూడమంది. కైలాని అడగలేదు.

*

"శనివారం ముప్పై అయిదు నిమిషాలు ఆ గదిలో ఏం చేశారు డాక్టరుగారూ?"

సాయిమి లెహ్‌తొలా తన గదిలో, తన కుర్చీలో, తలుపు బయట కాపలాతో కూర్చుని ఉంది. బక్కపల్చటి మనిషి. తెల్ల జుట్టు కురచగా కత్తిరించుకుంది.

"చెప్పను," అంది.

"కైలా మిమ్మల్ని అరెస్టు చేస్తాడు."

"చెయ్యనీ. మీ అమ్మ ఎలా ఉంది అమ్మాయ్?"

"బాగుంది. మందులు వాడాక రెండు కిలోలు పెరిగానని ఇప్పటికీ మిమ్మల్ని తిడుతూ ఉంటుంది."

సాయిమి మొదటిసారి నవ్వింది. "తిట్టనీ. అది నా లెక్కలో ఉంది. పొట్టలో పుండ్లు పుట్టించే ఆ క్రిమి ఉన్నవాళ్లు మా దీవుల్లో కాస్త సన్నం. మందులిచ్చి చంపితే ఏడాదిలో కిలో, రెండు కిలోలు పెరుగుతున్నారు. ఆకలి పుట్టించే హార్మోను ఒకటి పొట్ట గోడలోనే ఊరుతుంది. క్రిమి కొరికేదీ ఆ గోడనే. అందువల్ల కావచ్చు. నొప్పి పోయి హాయిగా తింటున్నారేమో, అదీ కావచ్చు. వేరే దేశాల్లో లెక్క తిరగబడింది. అక్కడ క్రిమి ఉన్నవాళ్లే లావు. ఎందుకని అడిగితే నాకు తెలీదు."

"ఇరవై రెండేళ్లయ్యాక కూడానా?"

"ఇరవై రెండేళ్లయింది కాబట్టే ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. వాల్తోకి ఆ మాటంటే మంట. 'తెలీదు అని రాస్తే ఎవడు చదువుతాడు మేడమ్, సన్నబడే రహస్యం దొరికిందని రాయండి' అనేవాడు. దొరకనిది దొరికిందని ఎలా రాస్తాం?"

హెల్కా ఆవిడనే చూస్తూ కూర్చుంది. తన ఉద్యోగంలో ఎన్ని వందల మందిని ప్రశ్నించిందో లెక్కలేదు. తెలీదు అన్న మాటని తప్పించుకోవడానికి వాడేవాళ్లే అందరూ. అంత గర్వంగా చెప్పిన మనిషిని ఇదే చూడటం.

"ఒక సాయం చెయ్యండి," అంది. "కరిగిపోయిన నమూనాల్లో ఏదైనా మార్చారా, దొంగిలించారా అని తెలుసుకునే దారి ఉందా?"

సాయిమి కర్ర అందుకుంది.

ప్రయోగశాల బల్ల మీద చిన్న అట్టముక్కలు పరిచింది. ఒక్కో అట్టలో గింజంత పసుపు జిగురు చుక్క. "ఈ జిగురులో యూరియా ఉంది. మన క్రిమికి అది ఇష్టమైన తిండి. తింటే అమ్మోనియా పుట్టి పసుపు గులాబీ రంగుకి తిరుగుతుంది. క్రిమి చచ్చినా ఒకటి రెండు రోజులు దాని రసం పనిచేస్తుంది. అరగంట ఆగాలి."

క్రిములని బతికించి దాచిన పెట్టె ఒక్కటే, ముందు దాన్నే తెచ్చారు. అందులో ఎనభై ఒక్క గొట్టాలు, వరసకి తొమ్మిది. ఒక్కో వరసా ఒక్కో మనిషిది. హెల్కా ఒక్కో గొట్టం మూత తీసి ఇచ్చింది. సాయిమి ఒక్కో చుక్క వేసింది. వృద్ధురాలి వేళ్లు ఒక్కసారి కూడా వణకలేదు. ఆఖరి చుక్క పదకొండూ నలభైకి పడింది. ఇద్దరూ అన్నం నింపి కాల్చిన కరేలియా రొట్టెలు తింటూ గడియారం చూస్తూ కూర్చున్నారు. పన్నెండుకల్లా అట్టలు ఒక్కొక్కటే సిగ్గుపడ్డట్టు గులాబీకి తిరగసాగాయి. పన్నెండుంబావుకి బల్లంతా గులాబీ.

ఒక వరస తప్ప. తొమ్మిది చుక్కలు పసుపుగానే ఉన్నాయి.

సాయిమి రొట్టె కింద పెట్టేసింది. ఆ వరసలో ఒక గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది, వాసన చూసింది.

"నీళ్లు," అంది. "మామూలు కుళాయి నీళ్లు."

"ఎవరి వరస అది?"

"చెప్పను," అంది ఆవిడ, శనివారం గురించి అడిగినప్పటిలాగే.

*

కైలా లోపలికి వచ్చి బల్ల చూశాడు. "ఆటలయ్యాయా? డాక్టరుగారూ, బయల్దేరదాం. స్టేషన్లో వాంగ్మూలం ఇవ్వాలి మీరు." జేబులోంచి నీలం మూత సీసా తీసి, గుళిక ఒకటి అరచేతిలో వేసుకుని, మంచినీళ్ల కోసం అటూ ఇటూ చూశాడు.

సాయిమి ఆ గుళికని చూడలేదు. అతని నడుం చూసింది. బెల్టు చివర జానెడు వేలాడుతోంది. కొత్త కన్నం మేకుతో పొడిచినట్టుంది.

"ఎన్ని కిలోలు తగ్గావు నాయనా?"

కైలా ముఖం వికసించింది. "పదమూడు. నాలుగు నెలల్లో. కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. తిండి సహించడం లేదా?"

"ఆకలే లేదు. అదే దీని గొప్ప."

"తెల్లారుజామున ఇక్కడ మంట? త్రేన్పులు? కాఫీ వాసనకి వికారం?"

కైలా చెయ్యి పక్కటెముకల కింద ఉంది. తీసేశాడు. "మీకెలా..."

"ఆ గుళిక ఇటివ్వు."

"ఇది విటమినండీ. నేను వెళ్లే జిమ్‌లో ఒకతను ఇస్తాడు. ఊరూ పేరూ లేని మందేం కాదు, మంచి డాక్టరు తయారు చేస్తున్నాడట, సభ్యులకి మాత్రమే..." చెబుతూ చెబుతూ కైలా తన మాటలు తానే విన్నాడు. అదే వాక్యం ఎవరైనా నిందితుడు చెప్పి ఉంటే పగలబడి నవ్వేవాడు.

హెల్కా అతని అరచేతిలోంచి గుళిక తీసుకుంది. కైలా అడ్డుపడలేదు. సాయిమి దాన్ని విరిచి, పొడిని నీటి చుక్కలో కలిపి, కొత్త అట్ట మీద వేసింది.

ముగ్గురూ నిలబడే చూశారు. ఏడో నిమిషానికి పసుపు చుక్క అంచు ఎర్రబారింది. పన్నెండో నిమిషానికి బల్ల మీద ఉన్న వాటన్నింటికంటే ముదురుగా, రేగు పండులా అయింది.

కైలా కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"నా కడుపులో ఉందా అది?"

"ఊపిరి పరీక్ష చేస్తే తెలుస్తుంది. ఉందనే అనుకో," అంది సాయిమి. "భయపడకు. రెండు వారాలు మందులు వాడితే చాలామందికి పోతుంది."

తర్వాత ఆవిడ హెల్కా వైపు తిరిగింది. కర్ర గోడకి ఆనించి, బల్ల అంచు పట్టుకుని నిటారుగా నిలబడింది.

"రాసుకో అమ్మాయ్. ఆ తొమ్మిది గొట్టాలు పదిహేడో నంబరువి. తౌనో అని చేపలు పట్టేవాడు. జీవితమంతా రెల్లు పుల్లలా ఉండేవాడు. ఎంత తిన్నా ఒళ్లు చెయ్యదని ఊరంతా అసూయపడేవాళ్లు. మందులు వద్దన్నాడు, నాకు హాయిగానే ఉందన్నాడు. అరవయ్యో ఏట కడుపులో క్యాన్సరుతో పోయాడు. నా సేకరణలో అంత మొండిది, అంత చెడ్డది ఇంకోటి లేదు. బతికున్న క్రిములని పదేళ్లకి మించి ఉంచబోమని అందరికీ రాసిచ్చాం. మిగతావాటిని గడువుకి మందు పోసి చంపాను. తౌనోది మాత్రం చంపలేదు. గడువు దాటి ఆరేళ్లయింది."

"ఎందుకు?"

"మనిషిని సన్నగా ఉంచేదీ మనిషిని చంపేదీ ఒక్కటేనా, వేరువేరా? అది తేలకుండా వదలాలనిపించలేదు. తప్పే. శనివారం వెళ్లింది దాన్ని నాశనం చేద్దామని. పెట్టె చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. మళ్లీ అక్కడే పెట్టేసి వచ్చాను. అందులో ఉన్నది అప్పటికే నీళ్లని నాకు తెలీదు. ఆ వరస సంగతి నాకు కాక తెలిసింది వాల్తో ఒక్కడికే. దాన్ని తీసి గుళికలు చేసి, తనిఖీలో నీళ్లు బయటపడకూడదని అన్నీ కరిగించి ఉంటాడు."

హెల్కా కలం తీయలేదు. "ఇది రాస్తే తనిఖీ సంఘం మీ అనుమతి రద్దు చేస్తుంది డాక్టరుగారూ. దీవుల పని ఆగిపోతుంది. ఇరవై రెండేళ్లు..."

"రాయకపోతే ఈ గుళికల్లో ఉన్నదేంటో ఏ డాక్టరుకీ తెలీదు. మామూలు అజీర్తి అని సోడా ఇచ్చి పంపిస్తారు. రాయమ్మా. పేరు, నంబరు, తేదీ, అన్నీ రాయి. సంతకం పెడతాను."

పొద్దుటి నుంచి బెదిరింపుకి లొంగని నోరు అది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం గడగడా చెప్పేసింది. హెల్కా రాసింది. రాస్తుంటే కళ్లు మసకబారాయి. అలా జరిగినందుకు ఆమె సిగ్గుపడలేదు.

సంతకం అయ్యాక కైలా మెల్లగా అన్నాడు. "కారిడార్లో హిర్వెలాతో నేను మాట్లాడింది హాకీ గురించి. టైము చెప్పలేదు. నువ్వు గెలుస్తున్నావని తట్టుకోలేక అలా అన్నాను."

"ఆ సంగతి తర్వాత. ఆ సీసా చూపించు."

పేరు లేదు, చిరునామా లేదు. హెల్కా దాన్ని తిరగేసింది. అడుగున చేత్తో రాసిన అంకె. రెండు వందల ఆరు.

"ఇదేంటి? సరుకు నంబరా?"

"కాదు," అన్నాడు కైలా. "సభ్యుడి నంబరు. నాది రెండొందల ఆరు."

సాయిమి కళ్లు మూసుకుంది. ఆవిడ పెదవులు కదిలాయి. లెక్కపెడుతోందో ప్రార్థిస్తోందో తెలియలేదు.

"మిగతావాళ్ల పేర్లు ఎవరి దగ్గరున్నాయి?" హెల్కా అడిగింది.

"తెలీదు. జిమ్ అతను పుస్తకం ఒకటి ఉందన్నాడు. డాక్టరు తన చేత్తో రాసుకుంటాడట. కంప్యూటర్లో ఏదీ పెట్టడట."

హెల్కా ఫోను మోగింది. కానిస్టేబుల్.

"మేడమ్, అతను ఇంటికి వెళ్లలేదు. సరస్సు ఒడ్డున కుటీరం ఉంది, అక్కడికొచ్చాడు. దూరం నుంచి చూస్తున్నాను. ఆవిరి స్నానానికి సౌనా పొయ్యి వెలిగించాడు."

"సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకి సౌనానా?"

"అదే వింతగా ఉంది మేడమ్. కట్టెలు మోసుకెళ్లడం చూడలేదు. అట్టపెట్టెలు మోసుకెళ్తున్నాడు. పొగ నల్లగా వస్తోంది."

"తలుపు పగలగొట్టు! వారెంటు లేదని ఆగకు. కాగితాలు, పుస్తకం, ఏది దొరికితే అది లాగెయ్. మేం వస్తున్నాం!"

హెల్కా కోటు అందుకునేలోపే కైలా లేచి తలుపు దాకా వెళ్లిపోయాడు. పొట్ట చేత్తో అదుముకుని ఉన్నాడు. ముఖం సున్నంలా ఉంది.

"పద, కారు నేను తోలుతాను," అన్నాడు. "అందులో కాలిపోతున్నది మా పేర్లు."